సంతకాల వారం

నాన్న పోయిన నెలకు, ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దింపితే, బియ్యం డబ్బాల వెనక నుంచి నా కప్పు బయటపడింది. వెండిపూత ఎప్పుడో పోయింది. ఒక చెవి వంకరపోయింది. లోపల అమ్మ ఇన్నేళ్లుగా దాచుకున్న సరంజామా అంతా ఉంది: పిన్నీసులు, చొక్కా గుండీలు, కిరసనాయిలు స్టవ్వు పిన్నులు. కింద కొట్టిన రేకు మీది అక్షరాలు మాత్రం ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఆ ఏటి లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అని, దాని కింద నా పేరు, నా పేరు కింద కంపెనీ పేరు. కంపెనీ పేరు నా పేరుకన్నా పెద్దగా ఉంది. పారేద్దామా అని నా భార్య అడిగింది. "పారేస్తే స్టవ్వు పిన్నులు ఎక్కడ పెట్టుకుంటాం?" అన్నాను. మా ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు వెలిగించి ఇరవై ఏళ్లు దాటింది.

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. అప్పుడప్పుడు పత్రికల్లో ఆటల గురించి రాస్తుంటాను. "సార్, మీరు పెద్ద ప్లేయరట గద" అని పిల్లలు అడుగుతుంటారు. "అవును, ఒక్క ఏడాది" అంటాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, తర్వాత ఈల ఊది పరుగెత్తిస్తాను. ఆ ఒక్క ఏడాది గురించి ఇంట్లో కూడా ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. గొప్పగా చెప్పుకోవాల్సిన ఏడాదే. కానీ గుర్తు చేసుకుంటే కిటికీ చువ్వలే ముందు కనబడతాయి.

అప్పుడు మా ఇల్లు బోరబండలో, రైలుపట్టాల అవతల. రెండు గదులు, పైన రేకులు. పాలమూరు దిక్కు నుంచి పనికొచ్చిన వాళ్ల ఇళ్లన్నీ ఆ వరసలోనే ఉండేవి. తెల్లవారుతూనే అమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు మొదలయ్యేది. దానికి పక్కింటి చప్పుడు, ఆ పక్కింటి చప్పుడు తోడై గల్లీ అంతా దరువు వేసేది. కిరసనాయిలు, మాడిన రొట్టె అంచు, నూరిన ఎల్లిపాయ కారం, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇప్పటికీ ఉదయమంటే. నాన్న బాలయ్య మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న పెద్ద భవనాల దగ్గర తట్ట మోసేవాడు. కలిపిన సిమెంటు తట్టలో నెత్తిన పెట్టుకుని, చెక్కలు పరిచిన వాలు దారి మీదుగా పై అంతస్తుకు చేర్చడం ఆయన పని. ఒకసారి పరంజా మీంచి జారి కుడి మోకాలు చెడింది. అయినా మోయడం మానలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయనకో పద్ధతి ఉండేది. ముందు అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని, సిమెంటు పగుళ్లలో అది ఇంకేదాకా మాటామంతీ లేకుండా కూర్చునేవాడు. తర్వాత గోడకు ఆనుకుని, మడత పడని కుడికాలు చాపుకుని తినేవాడు. ఆ గోడపక్క చోటు ఇంట్లో ఎవరమూ తాకేవాళ్లం కాదు. నొప్పిగా ఉందా అని అడిగితే, "నొప్పేంది? కాలు ఇంక ఉన్నదని యాదికి జేస్తున్నది" అనేవాడు.

నాకు ఫుట్‌బాల్ నేర్పింది మా మేనమామ జంగయ్య. సనత్‌నగర్‌లో ఫిట్టరు పని. వయసులో బాగా ఆడినవాడు, వయసు మళ్లాక బస్తీ పిల్లలను పోగేసి ఒక జట్టు పెట్టాడు. మామకు ఒక పిచ్చి ఉండేది. వారంలో ఒక పూట మా కుడికాళ్లకు వదులు చెప్పులు తొడిగించి, ఎడమకాళ్లు ఉత్తవిగా ఉంచి ఆడించేవాడు. అలవాటు కొద్దీ కుడికాలితో తంతే బంతి బదులు చెప్పు ఎగిరేది. గ్రౌండంతా నవ్వు. అలా నవ్వుల పాలవుతూనే నాకు ఎడమకాలు వచ్చింది. ఆట అయ్యాక తలా ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఒక అరటిపండు. ఆ గుడ్డు మీద ఆశతో వచ్చినవాళ్లలో నేనొకణ్ణి, సిగ్గుపడకుండా చెబుతాను.

నా ఎడమకాలి సంగతి మాదాపూర్‌లో ఆ భవనాలు కడుతున్న కంపెనీదాకా పాకింది. ఆ యజమానికి తన పేరు పేపర్లలో చూసుకోవాలని కోరిక. అందుకని ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. దాని వ్యవహారమంతా మేనేజరు ప్రసాదరావు గారిది. గోదావరి వైపు మనిషి. ఎవరినైనా అండి అనే పిలిచేవారు, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "మా జట్టులోకి రండి కృష్ణా. ఏం కావాలో అడగండి, మొహమాటపడకండి" అన్నారు. నాతోపాటు చేరినవాడు మోటారుసైకిలు అడిగాడు. నేను, "మా నాయిన నెత్తి మీంచి తట్ట దించుండ్రి సార్. కూసోని చేసే పని ఏదన్న ఇయ్యుండ్రి" అన్నాను. ఆయన డైరీలో రాసుకుని, "ఇంతేనా అండి?" అన్నారు. ఇంతే సార్ అన్నాను. ఇంకేమీ తోచలేదు. వారం తిరక్కుండా నాన్నకు ఖాకీ బట్టలు, టోపీ, నల్లబూట్లు వచ్చాయి. సిమెంటు గోడౌను దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం.

జట్టు మారుతున్నానని చెప్పడానికి మామ దగ్గరికి వెళ్లి, బంతిలో గాలి ఉందో లేదో నొక్కి చూస్తూ నిలబడ్డాను. ఆయనే అన్నాడు. "పో అల్లుడా. ఈడ ఉంటే గుడ్డు, అరటిపండే గద నీకు. బావ మోకాలికి జర ఆరాం దొరకనియ్యి." అని తల తిప్పుకుని, ఎవడో పిల్లవాణ్ణి చెప్పు తొడుక్కోలేదని తిట్టడం మొదలుపెట్టాడు. వాడి కాలికి చెప్పు ఉంది.

ఇక్కడ సంతకాల వారం గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలు నమ్మరు. మా రోజుల్లో లీగ్ మొదలయ్యే ముందు ఒక వారం మాత్రమే ఆటగాడు జట్టు మారే వీలుండేది. అసోసియేషన్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఏ జట్టు పేరు కింద పెడితే ఏడాదంతా ఆ జట్టువాడే. అందుకని ప్రతి జట్టూ తనకు కావాల్సినవాళ్లను ఆ వారమంతా ఎక్కడో దాచిపెట్టి, చివరిరోజు వ్యానులో తెచ్చి సంతకం పెట్టించి తీసుకుపోయేది. దారిలో వేరే జట్టువాళ్లు కలిస్తే మనసు మారుస్తారని భయం. పెళ్లికొడుకును చేశాక గడప దాటనివ్వరు చూడండి, మాకూ అలాగే ఉండేది. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. "నన్ను దాచిండ్రు" అని చెప్పుకోవడం మాలో పెద్ద హోదా. ఎవరూ దాచని ఆటగాడికి సంబంధాలు రావని ఎగతాళి చేసేవాళ్లం.

కంపెనీ మమ్మల్ని దాచింది మాదాపూర్ గుట్టల మధ్య ఉన్న వాళ్ల గెస్ట్‌హౌసులో. చుట్టూ బండలు, గోడ మీద గాజుపెంకులు, ఒకటే గేటు. తీరా సంతకమయ్యాక కూడా మమ్మల్ని ఇళ్లకు పంపలేదు. సీజనంతా అక్కడే ఉండాలన్నారు. రెండుపూటలా బండలు పేల్చేవాళ్లు. ముందు ఒక సైరను, తర్వాత దడదడమని కిటికీలు అదరడం, తర్వాత అన్నం మీద పడే సన్నటి దుమ్ము. వంటతను సూర్యం గోదావరివాడే. చేపల పులుసు, గోంగూర, నెయ్యి, దేనికీ లోటు లేదు. నేను మాత్రం జొన్నరొట్టెకు మొహం వాచిపోయాను. ఆదివారం ఒక్కపూట, అదీ చీటీ రాయించుకుంటేనే ఇంటికి పంపేవాళ్లు. పొద్దున వ్యానులో గ్రౌండుకు, గ్రౌండు నుంచి వ్యానులో గదికి. యజమాని దగ్గరికి విదేశీ అతిథులు వస్తే మమ్మల్ని కంపెనీ టోపీలు పెట్టి వరసగా నిలబెట్టేవాళ్లు. కట్టబోయే భవనాల బొమ్మలు ఒక పక్క, మేము ఒక పక్క.

ఇంత చెప్పి ఆట గురించి చెప్పకపోతే అన్యాయం. ఆ ఏడాది నేను ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. బంతి నా కాలి దగ్గరికి తనంతట తాను వచ్చేది. రోజంతా గేటు లోపల ఉన్నవాడికి గ్రౌండు ఎంత విశాలంగా కనబడుతుందో చెప్పలేను. ఆ తొంభై నిమిషాలే నాకు బయట. అందుకే అంత ఆకలిగా పరుగెత్తానేమో. మామ పెట్టిన బోరబండ జట్టు మీద ఆడినప్పుడు కూడా గోలు కొట్టాను, ఎడమకాలితోనే. మా జట్టువాళ్లు నన్ను ఎత్తుకుంటుంటే, అవతలి గీత దగ్గర మామ చప్పట్లు కొడుతూ కనిపించాడు. ఆ చప్పట్లకు నాకు ఏడుపొచ్చింది. ఆదివారం ఇంటికి వెళితే నాన్న ఆ బూట్లకు కొబ్బరినూనె పూసి తుడుస్తూ కూర్చుని ఉండేవాడు. చేతుల పగుళ్లు మానుతున్నాయి, నూనె మిగులుతోంది, బూట్లకు పూస్తున్నాడు. "కుర్సీ ఇచ్చిండ్రు బిడ్డా, చేతులున్న కుర్సీ" అని గల్లీలో వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు.

సీజను చివర నాకు కప్పు ఇచ్చారు. వేదిక మీద కప్పు నా చేతికొచ్చేసరికే యజమాని చెయ్యి కూడా దాని మీద పడింది. ఫొటోలో చూస్తే ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలియదు. వ్యాను దిగగానే దాన్ని ఆఫీసు అద్దాల బీరువాలో పెట్టారు. అది మా ఇంటికి చేరింది చాలాకాలానికి, జట్టును మూసేశాక.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక ఆదివారం మామ ఇంటికొచ్చాడు. నగరంలోని ఒక బ్యాంకు జట్టు కోచ్ నా ఆట చూశాడట. రాబోయే సంతకాల వారంలో మూడో రోజు వాళ్ల ట్రయల్స్. "ఎంచుకుంటే వాళ్ల పేరు కింద సంతకం. ఒక ఏడు ఆడితే పర్మినెంటు నౌకరి. అరవై ఏండ్లదాక ఫికర్ లేదు. ఆ రోజు పొద్దుగాల తొమ్మిదింటికి రా. మిగిలింది నేను జూసుకుంట" అన్నాడు. నాన్నకు కూడా చెప్పకుండా రెండు వారాలు ఆ మాటే నమిలాను.

ప్రసాదరావు గారికి ఎలా తెలిసిందో తెలియదు. సంతకాల వారం మొదటిరోజు గదికొచ్చి, నా మంచం మీద కూర్చుని, ఎంతో ఆప్యాయంగా అన్నారు. "మీ నాన్నగారిని గోడౌను నుంచి ఇక్కడ గేటు దగ్గరికి మార్పించానండి. మీకూ తోడుగా ఉంటారు. ఈ వారం గేటు దాటి ఎవరు బయటికెళ్లినా డ్యూటీలో ఉన్నవాళ్లదే బాధ్యత, అంతేనండి."

కిటికీలోంచి చూశాను. గేటు పక్కన కుర్చీలో నాన్న, కొత్త చోటు బాగుందన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. ఆ ఉద్యోగం అడిగింది నేను. తట్ట దించమని బతిమాలింది నేను. నా గేటుకు కాపలా నా నోటితోనే తెచ్చుకున్నాను. అంతటి కోపం, అంతటి చేతకానితనం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మూడోరోజు పొద్దున ఏడింటికి బూట్లు సంచిలో వేసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. నాన్న లేచి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, సంచేసుకున్నవ్?"

"ఇయ్యాల బ్యాంకోళ్ల ట్రయల్స్ నాయినా. మామ రమ్మన్నడు. ఎంచుకుంటే పర్మినెంటు."

ఆయన ఒకసారి గెస్ట్‌హౌసువైపు, ఒకసారి రోడ్డువైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. "మరి నిలవడ్డవేంది? నడువు."

"నీ నౌకరి పోతది."

"పోతే పోతది. నేనేమన్న టోపీ పెట్టుకోని పుట్టిన్నా?"

"మల్ల తట్ట మోస్తవా?"

"ఇన్నొద్దులు మోయలేదా? ఎవడు మోసిండు మరి?"

గేటు గొళ్లెం కిందికి ఉంది. తాళం తీయడానికి ఆయన వంగాలి. మోకాలు మడత పడదు కనుక కుడికాలు పక్కకు చాపి, ఒక చేత్తో గేటు ఊచ పట్టుకుని, నడుము నుంచి కిందికి వాలాడు. పళ్లు బిగించిన చప్పుడు నాకు వినిపించింది. ఈ మనిషి మళ్లీ ఆ చెక్కల దారి ఎక్కడం నా కళ్లకు కట్టింది. ఇక నావల్ల కాలేదు.

"ఆగు నాయినా. ఉత్తగనే అన్న. ట్రయల్స్ కాన్సిల్ అయినయట. నువ్వు తాళం తీస్తవా లేదా అని చూసిన."

ఆయన అలా వంగే తల ఎత్తి నన్ను చాలాసేపు చూశాడు. "నాయినతోని పరాచికాలారా?" అని నవ్వాడు. లేచి దులుపుకుని, "కాన్సిలెందుకు జేసిండ్రు? పిలగాండ్ల బతుకులతోని గిట్లనా ఆడేది?" అని బ్యాంకువాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. నేను గదిలోకి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. తొమ్మిది కొట్టింది. పది కొట్టింది. సైరను మోగింది, బండలు పేలాయి, కిటికీ అదిరింది. సూర్యం వచ్చి అన్నానికి రమ్మంటే జ్వరమని చెప్పాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వేరే వాచ్‌మన్ ఉన్నాడు. సూర్యం చెప్పాడు. "మీ నాన్నగారు నిన్న సాయంత్రమే బట్టలు, టోపీ అప్పజెప్పి వెళ్లిపోయారండి. బూట్లు కరుస్తున్నాయంటండి."

బూట్లు కరుస్తున్నాయట! నేను ఏ ఉద్యోగం కోసం నా దారి మూసుకున్నానో, దాన్ని ఒక రోజు తిరక్కుండా బూట్లు కరుస్తున్నాయని వదిలేశాడు. పోనీ అడిగి కడిగేద్దామంటే, నేను చెప్పింది అబద్ధమాయె. ఏ మొహంతో అడగను? గదిలో ఆ చివరి మూడు రోజులూ ఒక్కణ్ణే పళ్లు నూరుకుంటూ తిరిగాను. సంతకాల రోజు వ్యాను అసోసియేషన్ ఆఫీసు ముందు ఆగినప్పుడు, అవతల టీకొట్టు దగ్గర నాన్న, మామ నిలబడి ఉన్నారు. నాన్న పాత ధోవతిలో ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. నేను తల తిప్పుకుని, కంపెనీవాళ్ల మధ్య మెట్లెక్కి, కంపెనీ పేరు కిందే సంతకం పెట్టాను. నాన్న మీది కోపంతో పెట్టాను.

తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు ఒకే మాట అన్నాను. "కూసోని తినే రాత లేదు నీకు." ఆయన అరచేతులకు నూనె రాసుకుంటూ, "అవ్ బిడ్డా, లేదు" అన్నాడు. మళ్లీ తట్టకు పోతున్నాడు. మోకాలు పూర్తిగా మొరాయించేదాకా ఇంకో మూడు నాలుగేళ్లు మోశాడు. నా ఆట ఆ ఏడాది నుంచే పల్చబడింది. భవనాలు లేచాయి, యజమానికి జట్టు అవసరం తీరిపోయింది, మమ్మల్ని ఇళ్లకు పంపారు. నేను పీఈటీ కోర్సు చదివాను. నాన్నకూ నాకూ మాటలుండేవి, కానీ అవసరానికి మాత్రమే. ఎవరైనా నా ఆట గురించి ఎత్తితే మాత్రం ఆయన, "మావోడు బ్యాంకుల ఉండవలసినోడు. ఆ ఏడు ట్రయల్స్ కాన్సిల్ జేసిండ్రు, లుచ్చాగాళ్లు" అనేవాడు. నా అబద్ధం ఇంకా నిలబడి ఉందని నేను లోపల్లోపల తల దించుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ గెస్ట్‌హౌసు లేదు, ఆ బండలూ లేవు. అక్కడ అద్దాల భవనం ఉంది. లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ మెడలో కార్డు తగిలించుకున్న పిల్లలు వరస కడతారు. కోకాపేట దిక్కు గంటల లెక్కన కిరాయికిచ్చే ఆట స్థలాలు వచ్చాయి, కింద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల. మా బడి పిల్లలకు అది గొప్ప. నేను వల బయటే నిలబడి ఈల ఊదుతాను. లోపలికి రమ్మంటే ఊపిరాడదని చెబుతాను. వాళ్లకు అర్థం కాదు, నేను విడమరిచి చెప్పను.

నాన్న పోయిన పదకొండో రోజున, అందరూ తిని లేచాక, మామ నా పక్కన కూర్చున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు. "ఒట్టు వెట్టిచ్చుకున్నోడే పోయిండు, ఇగ జెప్తే తప్పులేదు" అన్నాడు. "ఆ ట్రయల్స్ నాడు నువ్వు రాకపోతే, పగటీలి, అన్నాల యాళ్లకు, గేటు కాడికొచ్చిన. మీ నాయిన కాన్సిల్ గదా అన్నడు. యాడి కాన్సిల్ బావా, అందరొచ్చిండ్రు, నీ కొడుకే రాలే అన్న. టోపీ తీసి చేతుల వట్టుకోని నిలవడ్డడు. జరసేపటికి, 'నా నౌకరి కోసం ఆగిండు. ఈ నౌకరి నాకొద్దు. ఏమన్న తొవ్వ ఉందా?' అన్నడు."

"ఉండెనా?" అన్నాను.

"ఉండె. నేను కోచ్ కాళ్లు వట్టుకున్న. నీ ఆట ఆయనకు ఎరుకనే గద. సంతకాల నాడు పిలగాణ్ణి తీస్కరా, మా పేరు కింద సంతకం వెట్టిచ్చుకుంట అన్నడు. గందుకే టీకొట్టు కాడ నిలవడ్డం. నువ్వు మా దిక్కు నడిస్తే సాలు, ఆయన కూడ లోపలనే ఉన్నడు. నువ్వు కంపెనీకే సంతకం వెట్టినంక బావ ఒట్టు వెట్టిచ్చుకున్నడు. వానికి చెప్పకు జంగయ్యా, తెలిస్తే వాడు బతుకంత కుమిలిపోతడు, నా మీద కోపంగుంటేనే నయం అన్నడు."

మామ మళ్లీ ఒకటి అడిగాడు. "బావ పిలిసిండు గద, రెండుసార్లు. కంపెనీవోళ్ల లొల్లిల నీకు ఇనపడలేదేమో?"

"లేదు మామా" అన్నాను.

వినపడింది. "కిష్టా, కిష్టా" అని రెండుసార్లు పిలిచాడు. బూట్ల సంగతి సర్దిచెప్పుకోవడానికి వచ్చాడనుకుని, వినపడనట్టే మెట్లెక్కాను.